ఇల్లు మోసే పీతల దీవి

విశాఖపట్నం నుండి ఓడ ఎక్కి బంగాళాఖాతంలో సుమారు 1,200 కిలోమీటర్లు పోతే అండమాన్ దీవులు వస్తాయి. వాటి ముఖ్యపట్టణం పోర్టు బ్లెయర్. 2024లో దానికి శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టారు. ఆ వూరి బజారులో నడుస్తూంటే చెవిని తెలుగుమాట తప్పక పడుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపుల నుండి పోయి అక్కడ స్థిరపడిన కుటుంబాలు అనేకం ఉన్నాయి. కాని పిల్లలూ, ఈ నెల మనం ఆ పట్టణంలో ఆగడం లేదు. జెట్టీ వద్ద ఇంకొక చిన్న ఓడ ఎక్కి, సుమారు రెండు గంటలు ప్రయాణంచేసి, ఒక చిన్న దీవికి పోతున్నాం. దానిని చాలాకాలం నీల్ దీవి అనేవారు. 2018 నుండి దాని పేరు షహీద్ ద్వీప్.

ఆ దీవిలోని వూళ్ళ పేర్లు వింటే మీకు నవ్వు వస్తుంది. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్! రామాయణమంతా ఒక్క దీవిలో సర్దుకున్నది. లక్ష్మణ్‌పూర్ పడమటి తీరాన ఉన్నది. సూర్యాస్తమయం చూడటానికి జనం అక్కడికే చేరతారు. ఈ దీవులు మనకు ఎంతో తూర్పున ఉన్నా, గడియారం మాత్రం మనదే. అందుచేత అక్కడ పెందలాడే చీకటి పడుతుంది. చలికాలంలో సాయంత్రం ఐదున్నర దాటేసరికి దీపం కావాలి. సూర్యుడు మునగగానే జనం లేచి పోతారు. మనం పోకూడదు. మనం చూడవచ్చిన తమాషా అప్పుడే మొదలవుతుంది.

ఇసుకకు ఎగువన మొగలిపొదలూ, బాదంచెట్లూ ఉన్నాయి. వాటికింద రాలిన ఆకులు ఎండి పరుపులాగా పరుచుకుని ఉంటాయి. చల్లబడగానే ఆ ఆకులు గలగలమంటాయి. గాలి లేదే, మరి ఎందుకు కదులుతున్నాయి? కొద్దిసేపట్లో ఒక గుండ్రని గుల్ల ఆకుల్లోంచి బయటపడి, ఇసుకమీద నడక సాగిస్తుంది. దాని వెనకనే ఇంకొకటి. ఆ వెనక శంఖంలాంటిది ఒకటి. చూస్తూండగానే తీరమంతా నడిచే గుల్లలతో నిండిపోతుంది. పగలంతా వేళ్ళ సందుల్లో, ఆకులకింద దాగి ఉన్న పీతలు ఇవి. ఎండలో తిరిగితే ఒళ్ళు ఆరిపోతుంది గనుక రాత్రివేళ బయలుదేరుతాయి.

వీటిని ఇంగ్లీషువారు హెర్మిట్ క్రాబ్ అన్నారు. మనవాళ్ళు దాన్ని సన్యాసి పీత అని తెలుగు చేశారు. నన్నడిగితే ఈ పేరు బొత్తిగా పొసగదు. సన్యాసి అన్నవాడు ఇల్లు వదిలిపోతాడు. ఈ పీతకో, పుట్టింది మొదలు చచ్చేదాకా ఇంటిధ్యాసే! కారణం లేకపోలేదు. మామూలు పీతకు ఒళ్ళంతా గట్టిపెంకు ఉంటుంది. దీనికి ముందుభాగమే గట్టి. వెనక భాగం మెత్తగా, పెంకు లేకుండా, ఒక పక్కకు మెలితిరిగి ఉంటుంది. దాన్ని కప్పుకోవటానికి చచ్చిన నత్తల గుల్లల్లో దూరుతుంది. పిల్ల పీత సముద్రంలో ఈదుతూ పెరిగి, బుల్లి గుల్ల ఒకటి సంపాదించుకుని ఒడ్డుకు వస్తుంది. ఆ తరవాత ఒళ్ళు పెరిగినప్పుడల్లా ఇంకొంచెం పెద్ద గుల్ల కావాలి. గుల్ల మాత్రం పెరగదు కదా!

చీకట్లో, కంటికి ఏమీ ఆనని చోట, ఈ జీవి తిండినీ, ఇంటినీ, శత్రువునీ ఎలా కనిపెడుతుంది? అది తెలుసుకునేందుకే మనం ఇంతదూరం వచ్చాం.

ముందు ఒక్క అడుగు గట్టిగా వేసి చూడండి. అన్ని గుల్లలూ టక్కున ఆగిపోయాయి! కాళ్ళు లోపలికి పోయాయి. పెద్దడెక్క ఒకటి తలుపులాగా గుల్లనోటికి అడ్డం పడింది. ఇప్పుడు కదలకుండా కూచుని ఊపిరి బిగబట్టండి. ముందు ఒక గుల్ల అంచున సన్నని మీసాల కొసలు కనిపిస్తాయి. తరవాత రెండు కళ్ళు వస్తాయి. ఆ కళ్ళు పొడుగాటి కాడల చివర ఉంటాయి గనుక ఒళ్ళు బయట పెట్టకుండానే చూడవచ్చును. ఈగకు ఉన్నట్టుగా ఒక్కొక్క కంటిలోనూ ఎన్నో చిన్నచిన్న కళ్ళు కలిసి ఉంటాయి. నీడ కదిలితే చాలు, పసికడతాయి. ఇక మీ అడుగు సంగతి కళ్ళు చెప్పినది కాదు. అడుగు వేస్తే నేల అదురుతుంది. ఆ అదురు మనకు తెలియదు గాని, ఇసుకను ఆనుకుని ఉన్న పది కాళ్ళ జీవికి తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. అమెరికా సంయుక్త రాష్ట్రాల పాలనలోని వర్జిన్ దీవులలో ఇలాంటి నేలపీతలే ఉన్నాయి. 2010లో శాస్త్రజ్ఞులు వాటిదగ్గర మోటారు పడవ మోతను వినిపించి, శత్రువులాంటి బొమ్మ నొకదాన్ని మెల్లగా వాటిమీదికి పంపారు. మోత లేనప్పటికన్నా మోత ఉన్నప్పుడు ఆ బొమ్మ మరింత దగ్గరికి వచ్చేదాకా పీతలు దాగలేదు. మోత వాటి దృష్టిని లాగివేసిందన్నమాట. పక్కింట్లో రేడియో మోగుతుంటే మీకు లెక్కలు తప్పిపోవూ? అదేవిధం. తేడా ఏమిటంటే, లెక్క తప్పితే మీకు ఒక మార్కు పోతుంది. పీతకు ప్రాణం పోతుంది.

ఇప్పుడు మీసాల సంగతి చూద్దాం. మీసం ఉన్నంత మాత్రాన మగవాడౌతాడా, రొయ్యకు లేదా బారెడు మీసం అని మన పెద్దలు ఎగతాళి చేస్తారు. రొయ్యకూ, పీతకూ మీసం అలంకారం కాదు. ఈ పీతకు రెండు జతల మీసాలున్నాయి. పొడుగాటి జత తడిమి చూడటానికి. గుడ్డివాడి చేతికర్రలాగా అవి ముందున్న రాయినీ, పుల్లనూ, పక్కవాడి గుల్లనూ తాకి చెబుతాయి. రెండవ జత కళ్ళ మధ్యన పైకి నిలిచి ఉంటుంది. ఒక్కొక్కటీ కొసన రెండుగా చీలి ఉంటుంది. ఒక చీలికకు కుంచెకు ఉన్నట్టు సన్నని నూగు. అదే పీతకు ముక్కు!

మనం వాసన చూడాలంటే గాలిని ముక్కులోకి పీలుస్తాం. పీత గాలిని పీల్చదు. మీసాన్నే గాలిలో టపటపా విదిలిస్తుంది. విదిలించినప్పుడల్లా నూగుకు కొత్తగాలి తగులుతుంది. గాలిలో తిండివాసన ఉంటే నూగులోని నరాలు ఆ వార్తను మెదడుకు చేరుస్తాయి. కావాలంటే ఒక కొబ్బరిముక్క ఇసుకమీద పెట్టి, గాలి ఎటు వీస్తున్నదో చూచుకుని దూరంగా కూచోండి. గాలివాలున ఉన్న గుల్లలు ముందు ఆగుతాయి. మీసాల విదిలింపు ఎక్కువవుతుంది. తరవాత తిన్నగా కాకపోయినా, వంకరటింకరగా ముక్క వద్దకు వచ్చి చేరతాయి.

ఈ పీతల పూర్వులు సముద్రంలోనివే. నీటిలో వాసన పట్టటానికి అలవాటుపడిన మీసంతో నేలమీదికి వచ్చి, గాలిలో వాసన పట్టడం నేర్చుకున్నాయి. ఇది చిన్న పని కాదు. జర్మనీలో యేనా అనే వూరిలో మాక్స్ ప్లాంక్ సంస్థవారు ఒకటున్నది. అక్కడి శాస్త్రజ్ఞులు 2012లో ఒక సంగతి వెల్లడించారు. నేలమీది సన్యాసి పీత మీసం పొడిగాలిలో కన్న తేమగాలిలో బాగా పనిచేస్తుందట. సముద్రపు అలవాటు ఇంకా పూర్తిగా పోలేదన్నమాట! వానవెలిసిన రాత్రి ఈ తీరాన గుల్లలు ఎందుకు అంత హుషారుగా తిరుగుతాయో ఇప్పుడు వూహించవచ్చును.

వీటి దాయాదుల్లో పెద్దది కొబ్బరి పీత. చిన్నతనంలో అదికూడా గుల్ల మోస్తుంది. పెరిగినాక ఒళ్ళు గట్టిపడి గుల్లను వదిలేస్తుంది. నాలుగు కిలోల బరువుదాకా పెరుగుతుంది. దాని ముక్కును 2005లో పరీక్షించినప్పుడు, అది పురుగుల మీసాలు వాసన పట్టే తీరునే పోలి ఉన్నదని తేలింది. పీతవేరు, పురుగువేరు. వేరువేరు కాలాల్లో నేలకెక్కి, ఒకే ఉపాయం కనిపెట్టుకున్నాయి. ఈ కొబ్బరి పీత నికోబారు దీవులలోను, దక్షిణ సెంటినల్ దీవిలోను ఉన్నది. దాన్ని పట్టడం మన దేశపు చట్టప్రకారం పెద్ద నేరం.

ఆ చిన్న మీసం మొదట్లోనే ఇంకొక వింత ఉన్నది. అక్కడ ఒక బుల్లిగుంట, అందులో సన్నని ఇసుక రేణువులు. పీత ఒరిగితే రేణువులు ఒక పక్కకు జారుతాయి. జారి, అక్కడి వెంట్రుకలను నొక్కుతాయి. దానితో ఏది పైనో, ఏది కిందో పీతకు తెలుస్తుంది. కుబుసం విడిచినప్పుడు ఆ ఇసుక కూడా పోతుంది, మళ్ళీ కొత్త ఇసుక చేరాలి. 1893లో వియన్నాలో క్రైడ్ల్ అనే శాస్త్రజ్ఞుడు దీనితో ఒక తమాషా చేశాడు. కుబుసం విడిచే రొయ్యలకు ఇసుకకు బదులు ఇనుపరజను ఉంచాడు. రొయ్యలు దాన్నే గుంటలో వేసుకున్నాయి. ఆయన పైనుంచి అయస్కాంతం చూపగానే, పాపం, రొయ్యలు పైదే కింద అనుకుని వెల్లకిలా తిరిగి ఈదాయి!

ఇంతకూ ఇంటిమాట మరిచిపోయాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళిచేసి చూడు అన్నారు గాని, ఇల్లు వెతికి చూడటం కూడా తక్కువ కష్టం కాదు. మన ముందున్న ఈ పీత ఖాళీగుల్ల ఒకదాన్ని చేరింది. చూడండి, వెంటనే దూరిపోదు. ముందు మీసాలతో తడుముతుంది. డెక్కలతో పట్టుకుని దొర్లించి చూస్తుంది. పైభాగమంతా కాళ్ళతో రాస్తుంది. తరవాత డెక్కను నోటిలోంచి లోపలికి దూర్చి, లోపల ఎంత చోటు ఉన్నదో, ఇసుకా చెత్తా ఏమన్నా ఉన్నవో చూస్తుంది. అంతా నచ్చితే ఒక్క క్షణంలో పాతది వదిలి కొత్తదానిలోకి వెనకభాగాన్ని జొనుపుతుంది. ఆ ఒక్క క్షణమే దానికి గండం. అప్పటికీ తృప్తి లేకపోతే మళ్ళీ పాతదానిలోకే పోతుంది. మెత్తని ఒళ్ళు గుల్లగోడకు ఆనినప్పుడు గాని ఇల్లు సరిపోయిందీ లేనిదీ తేలదు మరి!

గుల్ల దేనితో చేసినదో కూడా దానికి తెలుస్తుంది. 1982లో కరెన్ మెస్ అనే శాస్త్రజ్ఞురాలు సముద్రపు సన్యాసి పీతల ముందు నిజం గుల్లలనూ, గుల్లల్లాంటి బొమ్మలనూ పెట్టి చూచింది. కాల్షియం ఉన్నవాటిమీదనే పీతలు ఆసక్తి చూపాయి. తాకి రుచి కనిపెట్టినట్టే గదా! గుల్లలు కాల్చి సున్నం చేయడం మన తీరపు వూళ్ళలో పాతకాలపు పని. తాంబూలానికి వేసే గుల్లసున్నం ఆ గుల్లలదే. మనకు గోడకూ తాంబూలానికీ పనికివచ్చిన ఆ సున్నమే పీతకు ఇంటి ఆనవాలు.

ఇల్లు మంచిదైతే దానికోసం ఎంత కష్టమైనా పడుతుంది. సముద్రపు పీతల్లో ఒకటి తన గుల్లతో రెండవదాని గుల్లను ఠకఠకా బాది, లోపలిదాన్ని బయటికి వెళ్ళగొట్టే జాతి ఉన్నది. దెబ్బలు ఎంత బలంగా, ఎంత సేపు పడుతున్నాయో లోపలి పీత లెక్కవేసుకుని, నిలవాలా పోవాలా తేల్చుకుంటుంది. కాని ఎప్పుడూ దెబ్బలాటే అనుకోకండి. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశపు తీరాన 2010లో శాస్త్రజ్ఞులు ఒక మంచి దృశ్యం చూచి వ్రాశారు. పెద్ద గుల్ల ఒకటి ఖాళీగా దొరికితే, పీతలు పెద్దదాని వెనక చిన్నది వరసగా నిలబడతాయి. పెద్దది కొత్త ఇంటిలోకి మారగానే, దాని పాత ఇంటిలోకి రెండవది, దాని ఇంటిలోకి మూడవది, అలా క్షణాలమీద అందరికీ ఇళ్ళు మారిపోతాయి. రేషను దుకాణం వద్ద మనం ఇంత చక్కగా నిలబడం!

ఇల్లంటే దానికి ఎంత ప్రియమో ఇంకొక పరీక్ష చెబుతుంది. బెల్‌ఫాస్ట్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎల్వుడ్ అనే ఆచార్యుడు సముద్రపు సన్యాసి పీతల గుల్లల్లోకి సన్నని తీగలు పంపి స్వల్పంగా కరెంటు తగిలించాడు. కొన్ని పీతలు గుల్ల వదిలి పోయాయి. అయితే తమకు ఇష్టంలేని రకపు గుల్లను తొందరగా వదిలాయి, ఇష్టమైన రకాన్ని పట్టుకుని వేలాడాయి. అంటే అవి మర తిప్పితే తిరిగే బొమ్మల్లాగా ఉలిక్కిపడటం లేదు. బాధనూ, ఇంటి విలువనూ తూచి చూస్తున్నాయి. 2009లో ఈ సంగతి అచ్చయింది. పీతకు నొప్పి తెలియదని కొట్టిపారేసేవారు అప్పటినుంచి కాస్త ఆలోచించి మాట్లాడుతున్నారు. బ్రిటన్ 2022లో చేసిన జంతుసంక్షేమ చట్టంలో పీతలనూ, ఎండ్రకాయలనూ, రొయ్యలనూ కూడా అనుభూతి గల జీవులుగా చేర్చింది.

నేలమీది సన్యాసి పీత వాడుతున్న గుల్లను లోపల తొలిచి, పలచనచేసి, చోటు పెంచుకుంటుంది. కాబట్టి అలా బాగుచేసిన పాత ఇల్లే వాటికి అన్నిటికన్నా విలువైనది. అది ఎప్పుడు ఖాళీ అవుతుంది? అందులోని పీత చనిపోయినప్పుడు. కోస్టారికా తీరాన మార్క్ లెయిడర్, లియా వాల్డెస్ అనే ఇద్దరు ఈ సంగతిని పరీక్షించి 2019లో ప్రకటించారు. చచ్చిన సన్యాసి పీత మాంసపు తునక ఒకటి ఉంచితే, కొద్ది నిమిషాల్లో దాని చుట్టూ ఎన్నో పీతలు మూగుతాయి. తినటానికి కాదు. "ఇక్కడ ఒక ఇల్లు ఖాళీ అయింది" అని ఆ వాసన వాటికి చెబుతుంది. మనకు దుఃఖవార్త, వాటికి టూలెట్ బోర్డు!

ఈ తెలివి ఎన్నో తరాలుగా వాటికి మేలే చేసింది. కాని ఇప్పుడు తీరాలకు కొత్తవస్తువు ఒకటి కొట్టుకు వస్తున్నది. అదేమిటో లక్ష్మణ్‌పూర్ ఇసుకలోనే చూపవచ్చును. ఏ దేశపు ఓడలోనో విసిరివేసిన ప్లాస్టిక్ సీసా అది, మూతి కొంచెం పైకి తిరిగి ఇసుకలో దిగబడి ఉంటుంది. వాననీటి తడికో, లోపలి ఏదో వాసనకో పీత అందులోకి దూరుతుంది. లోపలి గోడలు నున్నగా ఉంటాయి. కాళ్ళు జారిపోతాయి. ఎక్కలేదు. ఎండకు సీసా కాగుతుంది. పీత చచ్చిపోతుంది. అప్పుడు దాని ఒంటినుంచి ఆ వాసన బయలుదేరుతుంది. "ఇక్కడ ఒక ఇల్లు ఖాళీ!" గాలివాలున ఉన్న పీత మీసం విదిలిస్తుంది, వస్తుంది, దూరుతుంది. అదీ చస్తుంది. రెండింటి వాసన మూడవదాన్ని పిలుస్తుంది.

ఇది నా వూహ కాదు. ఆస్ట్రేలియాకు చెందిన జెన్నిఫర్ లేవర్స్ అనే శాస్త్రజ్ఞురాలూ, ఆమె తోటివారూ మన హిందూమహాసముద్రంలోనే ఉన్న కోకోస్ దీవులలోను, పసిఫిక్ మహాసముద్రంలోని హెండర్సన్ దీవిలోను ఇసుకమీది సీసాలనూ డబ్బాలనూ ఒక్కొక్కటే విప్పి లెక్కపెట్టారు. ఒక్క డబ్బాలోనే 526 పీతలు చచ్చి ఉన్నాయి. మొత్తం ఆ రెండుచోట్లా కలిపి సుమారు 5,70,000 పీతలు ఇలా చచ్చి ఉంటాయని 2020లో అచ్చయిన వ్యాసంలో అంచనా కట్టారు. దీవుల్లో ఈ పీతలే పాకీపని చేస్తాయి. రాలిన పళ్ళు, కుళ్ళిన చేపలు, అన్నీ తిని తీరాన్ని శుభ్రంగా ఉంచుతాయి, విత్తులు చెదరగొడతాయి, ఇసుకను తిరగవేస్తాయి. సీసా మూతి ఒకటి మూయకుండా పారవేసినవాడికి ఆ దీవులు ఎక్కడ ఉన్నవో కూడా తెలియదు.

ఇక గుల్లలు ఏరుకుపోయేవారి సంగతి. అండమాన్‌లో పగడాలూ, గుల్లలూ ఏరి తీసుకుపోవడానికి వీల్లేదు. ఓడరేవులోనూ విమానాశ్రయంలోనూ సంచులు వెతికి దించుకుంటారు. "ఒక్క గుల్లే గదా" అని మారాం చేసే పిల్లలుంటారు. బీరువాలో అలంకారంగా పెట్టుకునే ఆ ఒక్క గుల్ల కోసం ఇసుకలో వరసకట్టిన వాటి సంగతి ఇప్పుడు మీకు తెలుసు. అమ్మా నాన్నలకు మీరే చెప్పవచ్చును.

అంతదూరం పోలేనివారు విచారించకండి. విశాఖపట్నం, భీమునిపట్నం వైపు రాళ్ళతీరాన, సముద్రం వెనక్కు తగ్గిన వేళ, రాళ్ళ నడుమ నీటిగుంటలు మిగులుతాయి. ఆ గుంటల్లో చింతగింజంత నత్తగుల్లలు చకచకా పరుగెత్తుతూ కనబడితే, అవి నత్తలు కావు. నత్త ఎక్కడన్నా పరుగెత్తుతుందా? సముద్రపు సన్యాసి పీతలవి. పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళి, నీడ గుంటమీద పడకుండా ఒక రాతిమీద కూచోండి. చేతిగడియారం ఒకటి దగ్గర ఉంచుకోండి. ఒకసారి మెల్లగా రాతిమీద తట్టండి, అన్నీ లోపలికి పోతాయి. మొదటి మీసం బయటికి రావటానికి ఎన్ని సెకండ్లు పట్టిందో కాగితంమీద వ్రాసుకోండి. దగ్గరలో మోటారు పడవ పోతున్నప్పుడు ఒకసారి, అది పోయి నీరు సద్దుమణిగాక ఒకసారి.